వీధి స్తంభమూ, పెరటి స్తంభమూ: హ్యామ్ రేడియో యాంటెన్నాకు కర్ర ఆధారం



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మరునాడు నగరవాసులు వీధిలోకి వచ్చి చూచినపుడు చెట్లతోపాటు కరెంటు స్తంభాలు కూడా తీగలను ఈడ్చుకొని నేలకొరిగి ఉన్నాయి. సెల్‌ఫోన్లు మూగపోయాయి. 1999 అక్టోబరు 29నాటి ఒడిశా మహా తుపానును చవిచూచిన తెలుగు కుటుంబాలకు, 1996 నవంబరు 6వ తేదీ రాత్రి యానాంలోనూ గోదావరి లంకల్లోనూ గడిపినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. వార్త అందించే సాధనాలన్నీ ఒకే స్తంభాల వరుసను నమ్ముకొని ఉన్నపుడు, ఆ వరుస కూలిన గడియలోనే ఊరు లోకానికి దూరమవుతుంది.

అటువంటి వేళ పనికివచ్చేవారిలో హ్యామ్‌లు ఒకరు. అనుమతిపత్రం పొంది, లాభాపేక్ష లేకుండా, సొంత పరికరాలతో రేడియో సంభాషణ జరిపే అభిరుచిదారులకు హ్యామ్‌లని వాడుక పేరు. భారతదేశంలో పన్నెండేళ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై ఈ అనుమతి పొందవచ్చు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే హ్యామ్ తన బృందంతో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లారు. ప్రపంచంలోని తోటి హ్యామ్‌లతో ఆ దీవులనుండి మాట్లాడడమే అప్పటికి వారి ఉద్దేశం. 26వ తేదీన సునామీ వచ్చింది. వినోదంగా సాగుతున్న ఆ కేంద్రం ఆ రోజునుండి దీవులకూ ప్రధాన భూభాగానికీ నడుమ వార్తలు చేరవేసే కేంద్రంగా మారింది.

రేడియో పెట్టె ఎంత మంచిదైనా, బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా, పైన కట్టిన తీగ నిలువకపోతే మాట బయటికి పోదు. అందువల్ల ఆ తీగను దేనికి కట్టాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా ముఖ్యమైనది. దీనికి అమెరికాలోని హ్యామ్‌లు చాలాకాలంగా ఇస్తున్న సమాధానాల్లో ఒకటి కర్ర స్తంభం.

ఆ దేశంలో కరెంటు, టెలిఫోన్ తీగలను మోసే స్తంభాల్లో అధికభాగం నేటికీ కర్రవే. ఇది టెలిగ్రాఫు కాలంనుండి వస్తున్న అలవాటు. వాషింగ్టన్ నుండి బాల్టిమోర్ వరకు శామ్యూల్ మోర్స్ తన తీగను మొదట భూమిలో పాతిపెట్టబోయాడు. తీగ చుట్టూ ఉన్న పూత లోపాలవల్ల ఆ ప్రయత్నం విఫలమైంది. 1844లో చెస్ట్‌నట్ చెట్ల మొద్దులు తెప్పించి, తీగను వాటిపైకి ఎత్తించాడు. ఆ తరువాతి కాలంలో దక్షిణ రాష్ట్రాల పైన్, పడమటి తీరపు డగ్లస్ ఫర్, ఎర్ర సెడార్ మొద్దులు వాడుకలోకి వచ్చాయి. పెరటి స్థలం ఉన్న హ్యామ్ ఇటువంటి స్తంభాన్ని కొత్తగా కొనడమో, విద్యుత్ సంస్థ తీసివేసినదాన్ని సంపాదించడమో చేసి, తన ఆవరణలో పాతుకొని యాంటెన్నా కట్టుకుంటాడు. ఉక్కు టవరుతో పోలిస్తే ఖర్చు తక్కువ. వీధి పొడవునా అటువంటివే నిలబడి ఉంటాయి గనుక పొరుగువారి కంటికీ కొత్తగా తోచదు.

ఆ కర్రకు ఆయుష్షు పోసే మందుల్లో ఒకదాని వెనుక తెలుగు ఇంటిపేరు ఉన్నదని చాలామందికి తెలియదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి కర్రలోకి ఒత్తిడితో ఎక్కించే పద్ధతిని 1930ల్లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం రూపొందించారు. 1938లో దానికి అమెరికా పేటెంటు లభించింది. ఆకుపచ్చ ఛాయలో కనిపించే స్తంభాలు ఆ మందు తాగినవే. నల్లగా, జిడ్డుగా, తారు వాసనతో ఉండేవి క్రియోసోట్ పట్టించినవి. ఈ మందులు చెదలనూ బూజునూ చంపుతాయి. మనిషికీ అవి విషమే. అటువంటి కర్రను కోసేటపుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. ఆర్సెనిక్ మంటలో నశించేది కాదు, బూడిదలోనూ పొగలోనూ ఉండిపోతుంది. చవకగా దొరికింది గదా అని పాత స్తంభపు ముక్కలను స్నానానికి నీళ్లు కాచుకొనే పొయ్యికి వాడే ఇల్లు ఎక్కడ కనిపించినా, చూచినవారు చెప్పి మాన్పించవలసిన పని అది.

పాత స్తంభం తెచ్చుకొనేవాడు ముందుగా అడగవలసింది ధర కాదు, దాన్ని ఎందుకు పీకారని. రోడ్డు వెడల్పు చేయడానికి తీసినదైతే లోపల గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. పరీక్షలో తప్పినందుకు తీసినదైతే, పుచ్చు ఎక్కడో ఉన్నట్లే లెక్క. ఆ పుచ్చు ఉండే చోటు సాధారణంగా నేలమట్టం దగ్గర, అందులోనూ మట్టికి కొద్దిగా దిగువన. బాగా లోతున గాలి ఆడదు, పైన తేమ నిలువదు. రెండూ కలిసే ఆ మూరెడు మేర బూజుకు అనుకూలం. పైకి నునుపుగా కనిపించే స్తంభం ఆ చోట లోపల బోలుగా ఉండవచ్చు. కుండ కొనేవారు వేలితో మీటి విన్నట్లే, లైన్‌మన్‌లు స్తంభాన్ని సుత్తితో చుట్టూ తట్టి వింటారు. గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చినది బొదబొదమంటుంది. అనుమానం కలిగిన చోట సన్నని బరమాతో రంధ్రం చేసి, వచ్చిన పొట్టు రంగూ వాసనా చూస్తారు. బలమైన స్క్రూడ్రైవరును గుచ్చితే కర్ర దాన్ని ఆపాలి. మెత్తగా దిగిపోయిందంటే ఆ స్తంభం కంచె గుంజలకే తప్ప ఎత్తున నిలబెట్టడానికి తగదు.

స్తంభం మొదలునుండి సుమారు పది అడుగుల ఎత్తున కాల్చి వేసిన ముద్ర గాని, లోహపు బిళ్ల గాని ఉంటుంది. తయారీదారు, సంవత్సరం, చెట్టు జాతి, పట్టించిన మందు, తరగతి, పొడవు అందులో కనిపిస్తాయి. అడ్డంగా లాగే బలాన్ని ఎంతవరకు తట్టుకోగలదో ఆ తరగతి చెబుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం అయిదో తరగతి స్తంభం, కొసకు రెండడుగుల దిగువన 1,900 పౌండ్ల అడ్డపు లాగుడును ఓర్చుకోవాలి. అంటే ఇంచుమించు 860 కిలోలు. సన్నని రాగితీగ యాంటెన్నా లాగే బలం అందులో లేశమాత్రం. కనుక పుచ్చులేని స్తంభం యాంటెన్నా బరువుకు విరగదు. అది చేసేది ఒరగడం. ఏడాది పొడవునా ఒకే వైపు లాగే తీగకు, వానకు నానిన మట్టి మెల్లమెల్లగా లొంగిపోతుంది. దీనికి మందు లోతు.

లోతుకు అక్కడి పనివారి లెక్క సులభమైనది: పొడవులో పదో వంతు, దానికి మరో రెండడుగులు. నలభై అడుగుల స్తంభానికి ఆరడుగుల గొయ్యి. అప్పుడు నేలకు పైన మిగిలేది ముప్పైనాలుగు అడుగులు, అంటే పది మీటర్లకు కొంచెం మించి. నేల మెత్తనిదైతే ఇంకా లోతు కావాలి. గొయ్యి తవ్వేముందు అమెరికాలో గృహస్థు 811 నంబరుకు ఫోను చేస్తాడు; గ్యాసు గొట్టాలు, కేబుళ్లు ఎక్కడున్నాయో సంబంధిత సంస్థలవారు వచ్చి నేలమీద రంగుతో గుర్తు పెడతారు. భారతీయ నగరాల్లో వ్యక్తిగత స్థలంలో తవ్వేవారు కూడా మునిసిపల్ కార్యాలయంలోనూ విద్యుత్ కార్యాలయంలోనూ ముందుగా విచారించుకోవడం మంచిది. గునపం దిగిన తరువాత తెలిసే కేబులు ప్రాణం మీదికి తెస్తుంది.

గొయ్యిలో స్తంభాన్ని నిలిపిన తరువాత మట్టిని ఒక్కసారిగా పోసి పైపైన తొక్కడం చాలామంది చేసే పొరపాటు. అడుగు మందాన పోయడం, దిమ్మిసతో చుట్టూ కొట్టడం, మళ్లీ పోయడం, ఇదే పద్ధతి. కంకర కలిపితే మరింత బిగువు. సిమెంటు కాంక్రీటు పోస్తే శాశ్వతమని తోస్తుంది గాని, ఎండకు కర్ర కుంచించుకొని సందు ఏర్పడితే అందులో నీరు నిలిచి, మందు పట్టించిన ఫలితం తగ్గుతుంది. పొడవు ఎక్కువైతే కోయవలసింది కొసను, మొదలును కాదు. మందు లోతుగా ఇంకి ఉండవలసినది నేలలోకి పోయే భాగంలోనే. కోసిన కొసకు మందు పూసి, వాననీరు ఇంకకుండా రేకు టోపీ తొడుగుతారు. ఇంతటి బరువైన మొద్దును నిలబెట్టే పని ఇంటివారితోనూ స్నేహితులతోనూ అయ్యేది కాదు. క్రేను, అలవాటుపడిన పనివారు ఉండాలి. జారిన స్తంభం ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

యాంటెన్నా కట్టడానికి మాటిమాటికీ స్తంభం ఎక్కే అవసరం లేకుండా, నిలబెట్టకముందే కొసకు కప్పీ బిగించి, దానిలో తాడు వేసి ఉంచడం తెలిసినవారు చేసే పని. బావి గిలకపై చేద దించినట్లు, తీగను కిందికి దించి బాగుచేసుకొని మళ్లీ ఎత్తవచ్చు. ఎండకు చీకిపోని తాడు కావాలి. తీగ రెండో కొస చెట్టుకు కట్టి ఉంటే, గాలికి చెట్టు ఊగినపుడు తీగ తెగకుండా తాడు చివర బరువు వేలాడదీస్తారు. చెట్టు వంగితే బరువు పైకి లేస్తుంది, నిలబడితే దిగుతుంది. తీగ లాగే దిక్కుకు ఎదురుగా ఒక స్టే వైరు వేస్తే ఒరుగుడు బెడద తగ్గుతుంది.

పది మీటర్ల ఎత్తు హ్యామ్‌కు ఏమి ఇస్తుందన్నది వారి లెక్కల్లో ఆసక్తికరమైన భాగం. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం పొడవు సుమారు 42 మీటర్లు. అందులో సగానికి కొంచెం తక్కువగా, అంటే ఇరవై మీటర్ల తీగను మధ్యలో విడదీసి కేబులు కలిపితే సాధారణమైన డైపోల్ అవుతుంది. దాన్ని పది మీటర్ల ఎత్తున కడితే, అది తన శక్తిని ఎక్కువగా పైకి పంపుతుంది. అయనమండలం దాన్ని వెనక్కి వంచి కొన్ని వందల కిలోమీటర్ల వలయంలో కురిపిస్తుంది. దూరదేశాలతో మాట్లాడాలనుకొనేవారికి ఇది లోపం. భువనేశ్వర్‌నుండి బరంపురానికీ, కాకినాడనుండి హైదరాబాదుకూ తుపాను వార్త పంపవలసినవారికి ఇదే కావలసింది. అదే ఎత్తులో 14 మెగాహెర్ట్జ్ తీగ కడితే శక్తి దిగువ కోణంలో సాగి, మాట ఖండాలు దాటుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చేతి రేడియోలకు అయనమండలపు ఆసరా లేదు, చూపు మేరే వాటి దారి. సమతల ప్రదేశంలో పది మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు ఆ మేర సుమారు పదమూడు కిలోమీటర్లు. ఎదుటివారిదీ అంతే ఎత్తులో ఉంటే రెట్టింపు.

కర్రకు మరో సుగుణం ఉన్నది. ఉక్కు స్తంభం పక్కన తీగను నిలువుగా దించితే లోహం దాని పనిని చెడగొడుతుంది. కర్ర విషయంలో ఆ చిక్కు చాలా తక్కువ. 7 మెగాహెర్ట్జ్‌కు కావలసిన పావు తరంగపు నిలువు తీగ పొడవు పది మీటర్లకు కొద్దిగా ఎక్కువ. నలభై అడుగుల స్తంభంలో నేలకు పైన మిగిలే ఎత్తుతో అది సరిగ్గా సరిపోతుంది. స్తంభం పొడవునా తీగ దించి, పాదంనుండి నేలమీద నలుదిక్కులకూ తీగలు పరిస్తే యాంటెన్నా సిద్ధం.

అయితే కర్ర విద్యుత్తును ప్రవహింపనీయదన్న నమ్మకం ప్రమాదకరమైనది. వానకు తడిసిన కర్ర, లవణాలు పట్టిన కర్ర విద్యుత్తుకు దారి ఇస్తాయి. పిడుగు పడితే కర్రలోని తేమ క్షణంలో ఆవిరై స్తంభాన్నే చీల్చివేస్తుంది. అందుకే కొసనుండి పాదం వరకు మందమైన రాగితీగ దించి ఎర్తింగ్ కడ్డీకి కలుపుతారు. ఆ కడ్డీని ఇంటి ఎర్తింగ్‌తో కూడా కలుపుతారు. ఉరుములు వినిపించగానే కేబులును రేడియోనుండి విడదీసి ఇంటి బయట ఉంచడం హ్యామ్‌లు నేర్చుకొనే తొలి పాఠాల్లో ఒకటి.

ఇంతవరకు చెప్పినది పెరటి స్తంభం సంగతి. వీధి స్తంభం సంగతి వేరు.

బెంగళూరులోనో, చెన్నైలోనో, పుణేలోనో అద్దెకుంటున్న కుటుంబానికి పెరడు ఉండదు. కిటికీ ఎదుట మాత్రం వీధి స్తంభం ఉంటుంది. ఇక్కడ అది కర్రది కాదు. కాంక్రీటుదో, ఇనుప గొట్టపుదో, పాత రైలు పట్టాదో అవుతుంది. ఇప్పటికే దానిమీద కేబుల్ టీవీ తీగలు, ఇంటర్నెట్ తీగలు, పండుగ తోరణాలు, ఇల్లు అద్దెకు అనే బోర్డులు ఉంటాయి. వాటి నడుమ మరొక తీగ ఎవరికి అడ్డమన్న ఆలోచన రావడం సహజం. ఆ తీగ లైన్‌మన్‌కు అడ్డం. అమెరికాలో కర్ర స్తంభంపై పైభాగం కరెంటుకు, కింది భాగం టెలిఫోనుకు, కేబులుకు కేటాయించి, రెండింటి నడుమ 40 అంగుళాల ఖాళీ విడుస్తారు. కింద పనిచేసే కార్మికుడి తల పైతీగకు తగలకుండా ఉండడానికి విడిచిన జాగా అది. అక్కడి లైన్‌మన్‌లు బూట్లకు బిగించిన ఉక్కు కొక్కేలను కర్రలో గుచ్చుతూ ఎక్కుతారు. ఎవరో కొట్టి వదిలేసిన మేకుమీద ఆ కొక్కెం పడితే పట్టు జారుతుంది. ప్రాణరక్షణగా వేసుకొనే రబ్బరు తొడుగును చిన్న పిన్నుముల్లు చాలు చీల్చడానికి. అందుకే అక్కడి అనేక పట్టణాల్లో స్తంభాలకు కాగితం అంటించడం కూడా నేరమే. ఇక్కడి లైన్‌మన్‌కు చాలాచోట్ల నిచ్చెన ఒక్కటే ఆధారం. చీకట్లో, వానలో, సరఫరా పునరుద్ధరించడానికి ఎక్కినవాడి మెడకు తగిలేది ఎవరి తీగ అన్నది అప్పటికి ఎవరూ చెప్పరు.

తీగ కట్టినవాడికీ ముప్పు తక్కువేమీ కాదు. పైనున్న 11 కిలోవోల్టుల తీగ తెగి యాంటెన్నాపై పడితే, ఆ విద్యుత్తు కేబులు వెంట నేరుగా గదిలోకి, రేడియో ముందు కూర్చున్నవారి చేతిలోకి వస్తుంది. స్టే వైరును వీధి స్తంభానికి కట్టినా ఇదే గతి. పైగా తుపాను వేళ మొదట కూలేది ఆ స్తంభమే. ఆపత్కాలానికని కట్టిన తీగ ఆపదతోపాటే పడిపోతే, కట్టిన ప్రయోజనం ఏమిటి?

సొంత ఆవరణలో పాతిన స్తంభానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. స్తంభం, దానిపై గొట్టం, యాంటెన్నా అన్నీ కలిపిన ఎత్తెంతో, కరెంటు తీగ అంతకు మించిన దూరంలో ఉండాలి. ఎటు పడినా తగలకూడదన్నదే లెక్క. అంత స్థలం లేనివారు ఎత్తు తగ్గించుకోవాలి.

నగరంలో అద్దె ఇంటి హ్యామ్‌కు మిగిలేది డాబా. ఇంటి యజమాని లేదా అపార్ట్‌మెంటు సంఘం రాతపూర్వక సమ్మతి తీసుకొని, పిట్టగోడకు ఇనుప పట్టీలతో వెదురునో, జీఐ గొట్టాన్నో నిలపవచ్చు. కోస్తా ప్రాంతాల్లో సులభంగా దొరికే సరుగుడు బొంగు కూడా పనికివస్తుంది. మందు పట్టించని కర్ర గనుక దాన్ని నేలలో పాతితే త్వరగా పుచ్చుతుంది, డాబాపై పట్టీకి బిగిస్తే కొన్నాళ్లు నిలుస్తుంది. నీళ్ల ట్యాంకు గొట్టాలకూ, భవనపు పిడుగు నివారణ కడ్డీకీ తీగ చుట్టరాదు. డాబా అంచుకు దగ్గరగా కరెంటు తీగలు పోతుంటే ఆ వైపు గొట్టం ఎత్తే ప్రయత్నమే చేయరాదు. విమానాశ్రయానికి సమీపంలో నివసించేవారికి ఎత్తు పరిమితులు ఉంటాయి, ముందుగా విచారించాలి. అమెరికాలోనూ గృహసంఘాల నిబంధనలే హ్యామ్‌లకు పెద్ద అడ్డంకి. స్థానిక ప్రభుత్వాలు యాంటెన్నాలకు సముచితమైన అవకాశం ఇవ్వాలని 1985లో అక్కడి కేంద్ర కమ్యూనికేషన్ల సంఘం ఉత్తర్వు చేసినా, ఇల్లు కొనేటపుడు యజమాని స్వయంగా సంతకం పెట్టిన ఒప్పందాలకు అది వర్తించలేదు. అటువంటి చోట్ల చాలామంది సన్నని తీగను చూరు కింద దాచుకొని పని గడుపుకుంటున్నారు. ఈ గడుసుతనం డాబా లేని కుటుంబాలకు కూడా పనికివస్తుంది.

స్తంభం ఉన్నవారు గాని, డాబా గొట్టం ఉన్నవారు గాని ఏటా వానలు మొదలయ్యేలోపు ఒక ఉదయం దానికి కేటాయించాలి. కర్ర స్తంభమైతే పాదం చుట్టూ జానెడు లోతు మట్టి తీసి, స్క్రూడ్రైవరుతో నాలుగు వైపులా గుచ్చి చూచి, మట్టి తిరిగి కప్పి దిమ్మిస కొట్టాలి. గొట్టమైతే పట్టీల తుప్పు, మేకుల పట్టు చూడాలి. తాడు దించి, కప్పీకి నూనె వేసి, తీగ అతుకులు పరిశీలించి తిరిగి ఎత్తాలి. చివరగా బ్యాటరీని నింపి, కరెంటు మెయిన్ స్విచ్చు ఆపి, ఆ బ్యాటరీ మీదనే ఒక గంటసేపు రేడియోలో మాట్లాడి చూడాలి.